పొగ తిప్పే తలుపు

పులివెందుల,
2 ఏప్రిల్ 1961.

ఆపాకు షంషాద్ సలాములు.

ఈ ఉత్తరం మా ఆయనకు తెలియకుండా రాస్తున్నాను. తెలిసినా పెద్ద భయం లేదులే. ఆయన మదరసాలో నేర్చింది ఉర్దూ ఒక్కటే. మనిద్దరినీ పట్టుబట్టి బోర్డు స్కూలుకు పంపి తెలుగు నేర్పించిన అబ్బాజాన్‌కు అల్లా మంచి చోటు ఇవ్వాలి. ఈ కాయితం నట్టింట్లో పరిచిపెట్టినా మా ఆయన దాని మీద పల్లీలు పోసుకొని తింటాడు తప్ప ఏముందో అడగడు.

రంజాన్ పండుగ మరునాడు మీ ఊరి బజారులో జరిగిన గొడవ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు. తోడల్లుళ్లంటే మీ యూనుస్, మా అలీ అహ్మద్ లాగా ఉండాలని అందరూ చెప్పుకునేవాళ్లు. అలాంటి బావను పదిమందిలో పట్టుకొని, "నువ్వు మెకానిక్కువు గాదు భాయ్, సైకిళ్లకు గాలి కొట్టుకో పో!" అన్నాడు మా ఆయన. బావ మాత్రం ఊరుకున్నాడా? "నీ బండి నా షెడ్డు ముందర నిలిపితే చక్రాలు ఊడబీకుతా" అన్నాడు. మా ఆయన అన్నదానికి నేను తలవంచుకుంటున్నాను.

కానీ ఆపా, బావ బాగుచేసిన మా బాడుగ కారు మళ్లీ మొరాయిస్తున్న సంగతి అబద్ధం కాదు. డిసెంబరులో ఏం జరిగిందో నీకు గుర్తుందా? పొద్దున చలికి స్టార్టు చేస్తే రెండు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయేది. బావ చేయి వేశాక చలికాలమంతా గుర్రంలా పరుగెత్తింది. మా ఆయన స్టాండులో నిలబడి బావ పేరే జపం చేశాడు. ఎండలు ముదిరినప్పటి నుంచి మళ్లీ మొదలైంది. తొండూరు దగ్గర మిట్ట ఎక్కలేక సగంలో ఊపిరి వదిలేస్తోంది. మొన్న గురువారం మన గురమ్మవ్వను ఎక్కించుకొని జమ్మలమడుగు ఆసుపత్రికి పోతుంటే అక్కడే ఆగింది. ఆ అవ్వ మాకు వారం వారం వచ్చే గిరాకీ. డెబ్భై ఏళ్ల మనిషి, కంటికి కట్టు కట్టుకొని, రాళ్ల మీద అరగంట కూర్చుంది.

నాకు అయిదో నెల నడుస్తోంది. అమ్మ లేని నాకు నీ ఇల్లే పుట్టిల్లు. ఏడో నెలలో నీ దగ్గరికి రావాలని ఎప్పుడో అనుకున్నాం. ఇప్పుడు మా ఆయన "పొద్దుటూరు పేరెత్తొద్దు. కాన్పు ఈడనే" అంటున్నాడు. నువ్వు లేకుండా కనడమంటే నాకు భయం ఆపా. బావను మెల్లగా అడుగు, డిసెంబరులో ఆ ఇంజనుకు ఏం చేశాడో.

నీ చెల్లెలు,
షంషాద్


ప్రొద్దుటూరు,
6 ఏప్రిల్ 1961.

షంషాద్‌కు,

ఉత్తరం అందింది. ఆరోగ్యం జాగ్రత్త. పచ్చి మామిడికాయలు మితంగా తిను.

మీ ఆయన అన్న మాటకు నువ్వు తలవంచుకోవడం దేనికి? తలకాయ ఆయనకు లేదా? ఈయన పన్నెండేళ్లుగా మైదుకూరు రోడ్డులో షెడ్డు నడుపుతున్నాడు. పత్తి మిల్లుల వాళ్ల బండ్లు, దువ్వూరు రైతుల జీపులు, ఎక్కడెక్కడివో ఆయన చేతికే వస్తాయి. ఏ ఒక్కరూ సైకిళ్లకు గాలి కొట్టుకోమని అనలేదు. బండి మిట్ట ఎక్కకపోతే ఎక్కించేవాడి చేతిలో కూడా లోపం ఉండవచ్చు. నాకు కోపం వచ్చింది, అందుకే రాస్తున్నాను. చింపేయకు.

పోతే, కొన్ని అడుగుతున్నాను, చూసి రాయి. బండి చల్లగా ఉన్నప్పుడు బాగానే పోతుందా? ఆగిన తరువాత అరగంట చల్లారితే మళ్లీ లేస్తుందా? మిట్ట ఎక్కేటప్పుడు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడు వస్తుందా? కార్బొరేటరు కింద ఉండే గొట్టం మీద నీళ్లు చల్లితే చుయ్యిమంటుందా?

ఈ ప్రశ్నలన్నీ నావే. ఆయన అడగమన్నవి కావు.

నీ అక్క,
ఖమ్రున్నీసా


పులివెందుల,
14 ఏప్రిల్ 1961.

ఆపాకు సలాములు.

కార్బొరేటరు అనే మాటను ఒక్క తప్పు లేకుండా రాశావు. స్కూల్లో 'కృష్ణానది' రాయమంటే మూడు చోట్ల తప్పులు పెట్టినదానివి! ఆ ప్రశ్నలు ఎవరివో నాకు తెలియదనుకోకు. ఉత్తరం చదువుతూ సగం ఏడ్చాను, సగం నవ్వాను. చింపలేదు.

ఇవాళ శుక్రవారం. మా ఆయన నమాజుకు పోయిన సందు చూసుకొని బండి మూత ఎత్తాను. జమ్మలమడుగు నుంచి అప్పుడే వచ్చి నిలిచిన బండి. మూత ఎత్తగానే రొట్టెల భట్టీ ముందు నిలబడ్డట్టు మొహానికి వేడి కొట్టింది. చెంబుతో నీళ్లు చల్లాను. చుయ్యిమనడం కాదు ఆపా, నీళ్లు గొట్టాన్ని తాకకముందే ఎగిరిపోయాయి. గులకరాళ్ల చప్పుడు వస్తుంది. చల్లారితే మళ్లీ లేస్తుంది. నీ ప్రశ్నలన్నిటికీ అవుననే జవాబు.

ఆ గొట్టం పక్కన ఒక కడ్డీకి తగిలించి చిన్న ఇనుప గుండు ఉంది, నిమ్మకాయంత. దానికి సన్నని తీగ నాలుగు చుట్లు చుట్టి బిగించి ఉంది. అది బండి చేసినవాళ్లు చుట్టిందా? చూస్తే అలా లేదు. మన ఇంట్లో చాట విరిగితే బాగుచేసిన తీగలాగా ఉంది.

ఇంకొక సంగతి కూడా నా కంటబడింది. అది మా ఇంటి పరువుకు సంబంధించినది. ఈసారికి రాయను.

షంషాద్


ప్రొద్దుటూరు,
20 ఏప్రిల్ 1961.

చెల్లీ,

నీ ఉత్తరంలో తీగ అన్న మాట చదివి చేతిలో పని వదిలేశాను. సాయంత్రం ఆయన షెడ్డు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఎదురుగా నిలబడ్డాను.

"అలీ అహ్మద్ కారులో గుండుకు తీగ చుట్టినావా?"

చెంబు ఆయన చేతిలో అలాగే నిలిచిపోయింది.

"ఏ గుండు?"

"ఏ గుండో నాకేం తెలుసు? చుట్టినావా, ల్యాదా?"

చెంబు కింద పెట్టాడు. తరువాత మంచం మీద కూర్చొని అంతా చెప్పాడు. ఇంజనులో కాలి బయటికి పోయే వేడిపొగ గొట్టంలో రేకు తలుపు లాంటి చిన్న వాల్వు ఒకటి ఉంటుందట. ఇంజను చల్లగా ఉన్నంతసేపు అది మూసుకొని పొగను పక్కకు తిప్పుతుంది. ఆ పొగ వేడికి పెట్రోలు వచ్చే గొట్టం వెచ్చబడి బండి ఎక్కిళ్లు పెట్టకుండా నడుస్తుంది. ఇంజను వేడెక్కాక ఆ తలుపు తనంతట తానే తెరుచుకోవాలి. అప్పుడు పొగ తిన్నగా వెనక్కు పోతుంది. బయట నీకు కనబడిన గుండు ఆ తలుపుదే.

డిసెంబరులో బండి చలికి ఆగిపోతోందని మీ ఆయన తెచ్చినప్పుడు, ఆ తలుపు స్ప్రింగు వదులైందని ఈయన అనుకున్నాడు. కొత్త స్ప్రింగు ఎక్కడా దొరకలేదు. అందుకని తలుపు మూసిన చోటనే గుండును తీగతో కట్టేశాడు. "చలికాలం పోయినంక ఇప్పుదామనుకొన్యా. మర్చిపోయినా" అన్నాడు.

"కొట్లాడిన నాడు గుర్తుందా?"

"అల్లా సాక్షి, ల్యాదు. వాడు తిట్టిపోయిన మూడో దినం పండ్లు తోముకుంటాంటే గుర్తొచ్చె."

"మరి కబురు పంపకూడదా?"

"సైకిళ్లకు గాలి కొట్టుకోమన్నోనికి, అవునప్పా నాదే తప్పు అని ఏ మొహం పెట్టుకొని చెప్పేది?"

ఆ పూట ఆయన అన్నం తినలేదు. నేను కూడా బలవంతం చేయలేదు. మొదటి ఉత్తరంలో నీ మీద విరుచుకుపడ్డందుకు నాకు సిగ్గుగా ఉంది. ఆ ప్రశ్నలు ఆయన నోట విన్నవే. నిద్రలో కూడా ఆ కారు గురించే గొణుగుతున్నాడు. నీ దగ్గర దాచాను, మన్నించు.

ఇప్పుడు చేయవలసింది ఇది. బండి పూర్తిగా చల్లారినప్పుడు కటింగు ప్లయరుతో ఆ తీగ కత్తిరించు. గుండును వేలితో తోస్తే అటూ ఇటూ ఊగాలి. బరువులు ఎత్తకు. వంగేటప్పుడు నడుము జాగ్రత్త.

ఖమ్రున్నీసా


పులివెందుల,
29 ఏప్రిల్ 1961.

ఆపాకు సలాములు.

నిన్న శుక్రవారం తీగ కత్తిరించాను. కానీ గుండు ఊగలేదు. వేలితో తోశాను, చపాతీ కర్రతో మెల్లగా తట్టాను. అది కదిలితే ఒట్టు. కడ్డీ చుట్టూ నల్లటి మసి, అడుగంటిన పాల గిన్నెకు పట్టినట్టు గట్టిగా పట్టేసింది.

అది తట్టుతూ ఉండగానే వెనుక నుంచి గొంతు వినబడింది. నమాజు ఎప్పుడు అయిందో నాకు తెలియలేదు.

"ఏందిమే ఇది! కడుపుతో ఉండి బండిలో తలకాయ పెట్టినావు!"

చేతులు మోచేతుల దాకా నలుపు. ముక్కు మీద కూడా ఉందని తరువాత తెలిసింది. ఇంక దాచి లాభం లేదని తీగ ముక్క ఆయన చేతిలో పెట్టి, ఉత్తరాల సంగతి, తలుపు సంగతి అన్నీ చెప్పేశాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూస్తివా! నేను చెప్పల్యా? కట్టింది వాడే! రేపే పొద్దుటూరు పోయి ఈ తీగ నడిబజార్లో ఏలాడదీస్తా!"

అప్పుడు నాకు ఒళ్లు మండింది ఆపా. పోయిన ఉత్తరంలో రాయకుండా దాచిన సంగతి ఇదే. దీపాల కోసం తెచ్చే కిరసనాయిలు డబ్బా వారానికొకసారి ఖాళీ అవుతుంటే పిల్లి తన్నేసిందని ఆయన చెప్పేవాడు. ఆ వేళ మూత ఎత్తినప్పుడు, చేతులు తుడుచుకోవడానికి గుడ్డ వెతికితే బండి వెనుక సీటు కింద గరాటా, డబ్బా కనబడ్డాయి. ట్యాంకు మూత తీసి వాసన చూశాను. మన వంటింటి లాంతరు వాసన.

"తీగ ఏలాడదీస్తే పక్కనే ఈ గరాటా గూడా ఏలాడదీయి" అన్నాను. "పెట్రోల్లో కిరసనాయిలు కలిపింది ఎవరు? నేనా, పిల్లా?"

అంత పెద్ద మనిషి, చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీద కూలబడ్డాడు. దసరాకు ముందు నుంచీ కలుపుతున్నాడట. స్టాండులో అందరూ కలుపుతుంటే తానూ మొదలుపెట్టాడట. బావకు తెలిస్తే నవ్వుతాడని చెప్పలేదట.

ఇద్దరివీ తప్పులే. మరి ఎవరు ముందు అడుగు వేసేది? "వాడు పెద్దోడు, వాడే రానీ" అని మా ఆయన మళ్లీ బిగుసుకున్నాడు. కిరసనాయిలు మాత్రం మానేశాడు.

షంషాద్


ప్రొద్దుటూరు,
5 మే 1961.

చెల్లీ,

పిల్లి మాట చదివి నేను నవ్విన నవ్వుకు పక్కింటివాళ్లు వచ్చి చూశారు.

ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. కిరసనాయిలు అన్న మాట దగ్గర ఎగిరి లేచి నిలబడ్డాడు. "అదీ సంగతి! అదే మే! కిరసనాయిలు చలికి మండదు. అందుకే ఎక్కిళ్లు! స్ప్రింగు బాగానే ఉంది. ఆ మాట వాడు నాతో చెప్పింటే నేను తీగ కట్టేదే ల్యాకపాయ!" ఇంట్లో మూడుసార్లు తిరిగాడు. తీగ కట్టి గొట్టం వేడెక్కించడంతో కిరసనాయిలు కూడా బాగా మండిందట. దాంతో మీ ఆయనకు ధైర్యం పెరిగి ఇంకొంచెం కలిపి ఉంటాడట. ఎండలు వచ్చేసరికి లోపల వేడి ఎక్కువై ఊపిరాడలేదు, మసి మందంగా పట్టి తలుపు బిగుసుకుపోయింది. ఇద్దరూ కలిసి ఆ బండిని చంపబోయారు, ఒకరికి తెలియకుండా ఒకరు!

కదలని కడ్డీ మీద ఇంజనాయిలు పోయకూడదట, అది కాలి మళ్లీ మసి అవుతుంది. కిరసనాయిలే పోయాలట. ట్యాంకులో కాదు, కడ్డీ మీద. మీ ఆయనకు ఈ తేడా గట్టిగా చెప్పు. అప్పటికీ కదలకపోతే గొట్టం విప్పి గీకాలి. అది తెలిసిన చేయి చేయవలసిన పని.

"మరి పోయి చేసిరాగూడదా?" అన్నాను.

"వాడు చిన్నోడు, వాడే రానీ" అన్నాడు.

వీళ్లిద్దరిలో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది తేలేసరికి నీకు నెలలు నిండుతాయి.

ఖమ్రున్నీసా


పులివెందుల,
15 మే 1961, మధ్యాహ్నం.

ఆపాకు సలాములు.

ఆదరాబాదరాగా రాస్తున్నాను. బావ మా ఇంట్లో కూర్చొని సజ్జ రొట్టె తింటున్నాడు!

మొదటి నుంచి చెబుతాను. కిరసనాయిలు పోసినా కడ్డీ కదలలేదు. మొన్న గురువారం తొండూరు మిట్ట మీద బండి మళ్లీ ఆగింది. గురమ్మవ్వకు ఎండకు కళ్లు తిరిగి, పక్క పొలంలో గుంటక తోలుతున్నవాళ్లు మజ్జిగ ఇస్తే తేరుకుంది. తేరుకోగానే మా ఆయనతో, "అబ్బీ, నేనంటే ముసిల్దాన్ని, రాయి మీద గూసోని ఉంటి. నీ పెండ్లాం నొప్పులతో ఉంటే ఈన్నే గూసోబెడతావా?" అని అడిగిందట. ఆయన ఇంటికి వచ్చి నాలుగు రోజులు బండి బయటికి తీయలేదు. ఈ పొద్దు చల్లపూట బండి తీసుకొని పోయాడు. ఎక్కడికి అంటే చెప్పలేదు.

పది గంటలకు వాకిట్లో ఎవరో దగ్గారు. చూస్తే బావ! టవల్లో నట్లు విప్పే పానాలు మూటగట్టుకొని, ఊరికి కొత్తవాడిలా నిలబడ్డాడు. "బండి యాడ?" అన్నాడు, ముందు నా క్షేమం కూడా అడగకుండా. లేదన్నాను. "వాడు యాడ?" అన్నాడు. తెలియదన్నాను. "సరే, వచ్చేదాకా గూసుంటా. వాడు రమ్మనల్యాలే. నాకే ఊపిరాడక వచ్చినా" అన్నాడు.

ఇప్పుడు రెండు గంటలయింది. ఆయన జాడ లేదు. బావ రెండున్నర బస్సుకు తిరిగి పోతానంటున్నాడు. ఏం చేయను?

షంషాద్


ప్రొద్దుటూరు,
15 మే 1961, మధ్యాహ్నం.

షంషాద్,

నువ్వు నమ్మవు. మీ ఆయన మా ఇంట్లో ఉన్నాడు.

మీ బావ తెల్లవారుతూనే సామాను కొనాలి, కడపకు పోతున్నానని చెప్పి బస్సెక్కాడు. ఆయన పోయిన రెండు గంటలకు మీ కారు పొగ కక్కుకుంటూ వచ్చి వాకిట్లో నిలిచింది. అలీ అహ్మద్ దిగి, చెప్పులు బయటే వదిలి, తల దించుకొని నిలబడ్డాడు.

"వదినా, భాయ్ ఉండాడా?"

"కడపకు పోయినాడు, అబ్బీ."

"నిజంగా పోయినాడా, నా మొగం చూడగూడదని ల్యాడనిపించినాడా?"

లోపలికి పిలిచి పలావు వండి పెట్టాను. మొదట వద్దన్నాడు, తరువాత మూడుసార్లు పెట్టించుకున్నాడు. తిన్నాక షెడ్డు ముందు పోయి కూర్చున్నాడు, పదిమందికీ కనబడేలాగా. ఎవరో "ఏంది అలీ, మళ్లా వచ్చినావే?" అంటే, "తప్పు నాది. చెప్పుకుందామని వచ్చినా" అని గట్టిగా అన్నాడట. బజారులో అన్న మాటను బజారులోనే వెనక్కి తీసుకున్నాడు చూడు.

షెడ్డు పక్క అంగడతను ఇప్పుడే వచ్చి చెప్పాడు. మీ బావ ఎక్కింది కడప బస్సు కాదట, పులివెందుల బస్సట! చిలమకూరు దగ్గరో ముద్దనూరు దగ్గరో ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు దుమ్ము లేపుకుంటూ పోయి ఉంటారు. ఈ సంగతి చెప్పగానే మీ ఆయన ఒక్క గంతులో బండెక్కి వెనక్కి బయలుదేరాడు. దేవుడే దిక్కు.

ఖమ్రున్నీసా


పులివెందుల,
27 మే 1961.

ఆపాకు షంషాద్ సలాములు. మీ ఇద్దరికీ బక్రీద్ ముబారక్.

బావ మరునాడే ఇంటికి చేరాడు కాబట్టి కథ ఆయన నోట విని ఉంటావు. కానీ ఆయన తన ఏడుపు గురించి చెప్పి ఉండడు. అందుకే నేను రాస్తున్నాను. మా ఆయన నాతో చెప్పింది ఇది.

బండి తిరుగు దారిలో తొండూరు మిట్ట దగ్గరికి వచ్చి మామూలుగానే ఆగిపోయింది. మా ఆయన చక్రాల కింద రాళ్లు పెట్టి నిలబడ్డాడు. అంతలో పై నుంచి బస్సు దిగుతూ వచ్చింది. కిటికీలోంచి బావ కారును చూసి, "ఆపప్పా, ఆపు!" అని అరిచి, బస్సు పూర్తిగా నిలవకముందే దిగాడు. ఇద్దరూ ఎదురుబదురు నిలబడ్డారు. బస్సులో వాళ్లంతా కిటికీల నుంచి తలలు బయటపెట్టారు.

"నువ్వు యాడికి పోయినావు?" అన్నాడు బావ.

"మీ ఇంటికి. నువ్వు?"

"మీ ఇంటికి."

"యాందుకు?"

"నువ్వు యాందుకు పోయినావో దానికే."

అప్పుడు మా ఆయన, "భాయ్, నేను కిరసనాయిలు కలిపినా" అన్నాడట. బావ, "నేను తీగ కట్టి మర్చిపోయినా" అన్నాడట. అంటూనే టవల్ మొహానికి అడ్డం పెట్టుకున్నాడట. మా ఆయన కూడా ఏడ్చాడులే. కంట్లో దుమ్ము పడిందని నాతో అన్నాడు. బస్సు డ్రైవరు హారను కొట్టి, "మీ ఏడుపులు తరువాత, బండి పక్కకు తీయండి నాయనా!" అన్నాడట.

ఇంజను చల్లారేదాకా ఆగి, ఇద్దరూ రోడ్డు పక్కనే గొట్టం విప్పారు. బావ మసి గీకితే మా ఆయన రాలిన మసిని దోసిట్లో పట్టి పారబోశాడట. పొద్దు వాలేసరికి గుండు ఉయ్యాల లాగా ఊగింది. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే తట్టలో అన్నం కలుపుకొని తింటుంటే నాకు మీ ఇల్లు, మా ఇల్లు అన్న తేడా తెలియలేదు.

మొన్న గురువారం పండుగకు ముందే గురమ్మవ్వను జమ్మలమడుగుకు తీసుకుపోయాడు. నిప్పులు కురిసే ఎండలో బండి ఆ మిట్టను ఒక్క ఊపున ఎక్కింది. పైకి చేరాక అవ్వ, "ఆపు అబ్బీ, అలవాటైన రాయి, ఒక నిమిషం గూసోని పోదాం" అన్నదట!

నన్ను జూన్ రెండో ఆదివారం తీసుకొస్తానని ఆయనే అన్నాడు. నా గుడ్డలు కూడా ఆయనే మూట కడుతున్నాడు, ఇప్పటి నుంచే.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఈ పొద్దున గిరాకీలు ముగ్గురు బండెక్కి కూర్చున్నారు. ఆయన ఇంజను స్టార్టు చేసి, చెవి పెట్టి విని, ఆపేశాడు. మూత ఎత్తి, ఇంటి వైపు తిరిగి పిలిచాడు.

"షంషాద్! ఒకసారి ఇట్ల రా. ఏందో సన్నగా ఈల ఏస్తాంది. నాకు అంతు పట్టల్యా."

ముగ్గురు మగవాళ్లు చూస్తుండగా కొంగు సర్దుకొని పోయాను. మళ్లీ స్టార్టు చేయమన్నాను. విన్నాను. కార్బొరేటరు అడుగున ఒక నట్టు వదులై, అక్కడి నుంచి గాలి పీలుస్తోంది. వేలు పెట్టి మూస్తే ఈల ఆగింది. "ఈడ" అని చూపించాను.

ఆయన ఇంజను ఆపి, డబ్బాలోంచి పానా తీశాడు. తీసి, తాను బిగించలేదు ఆపా. నా చేతికి ఇచ్చాడు.

నీ చెల్లెలు,
షంషాద్